కాళ్లు చూపించని కెమెరా, డిసెంబర్‌లో మాత్రమే గుర్తొచ్చే బ్యాలే

బ్రిటన్‌లో డిసెంబర్ సగం దాటాక టీవీ పెడితే బ్యాలేకి కొదవే లేదనిపిస్తుంది. పెర్‌ఫ్యూమ్ ప్రకటనలో తెల్ల గౌను అమ్మాయి మునివేళ్ల మీద గిర్రున తిరుగుతుంది. చాక్లెట్ డబ్బాకీ, సూపర్ మార్కెట్ టర్కీ కోడికీ వెనకాల వినిపించేది రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ సంగీతమే. తీరా పండగ రెండు వారాల కార్యక్రమాల పట్టిక ముందేసుకుని, మొదట్నుంచి చివరిదాకా కత్తిరించకుండా వేసే బ్యాలేలు ఎన్నో చూస్తే ఒక చేతి వేళ్లు దాటవు. అందులో ఒకటి నట్‌క్రాకర్, చైకోవ్‌స్కీ సంగీతంతో నడిచే క్రిస్మస్ కథ. రెండోది ఉంటే, ఆ నట్‌క్రాకర్ ఎలా తయారైందో చెప్పే డాక్యుమెంటరీ.

నట్‌క్రాకర్ వేయొద్దని కాదు నా గోల. వేయాల్సిందే, ఏటా వేయాల్సిందే. టికెట్ కొని థియేటర్‌కి వెళ్లేవాళ్లకి అది ఎలాగూ దొరుకుతుంది. లండన్ రాయల్ బ్యాలే ప్రదర్శనలు సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా వస్తున్నాయి, ఇంట్లో కూర్చుని డబ్బు కట్టి స్ట్రీమింగ్‌లో చూసుకునే వీలూ ఉంది. కానీ ఇవన్నీ బ్యాలే కావాలని వెతుక్కునేవాళ్ల కోసం. వెతకనివాడికి బ్యాలే తగిలేది టీవీలోనే. అన్నం తిని సోఫాలో వాలి, రిమోట్ నొక్కుతూ నొక్కుతూ ఆగిపోయే మనిషి ఉన్నాడే, క్రిస్మస్ రోజుల్లో అలాంటివాళ్లు లక్షల్లో దొరుకుతారు. ఛానెళ్లు మాత్రం ఆ అవకాశాన్ని చెట్టుకి చుట్టే మెరుపు కాగితంలా వాడుతున్నాయి. ఎప్పుడు వేయాలి, ఏది వేయాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి అన్న మూడింట్లోనూ ఆ నిర్లక్ష్యమే కనబడుతోంది.

అసలు నట్‌క్రాకర్‌ని ఇంటింటి ఆచారం చేయడంలో టీవీది పెద్ద వాటా. ఈ బ్యాలే 1892 డిసెంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరీన్‌స్కీ థియేటర్‌లో తొలిసారి ఆడింది. చైకోవ్‌స్కీదే మరో చిన్న ఒపెరాతో కలిపి ఒకే రాత్రి వేశారు. కథను అంకాలుగా అమర్చింది మారియస్ పెటిపా, నృత్యం కూర్చింది లెవ్ ఇవానోవ్. విమర్శకులు పెదవి విరిచారు. మొదటి అంకం నిండా పిల్లల అల్లరే, అసలు నర్తకి నిలబడి నాట్యం చేసేది ఆఖర్లో గానీ రాదన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. లండన్‌కి పూర్తి బ్యాలేగా 1934లో వచ్చింది. రష్యా నుంచి నికొలాయ్ సెర్గెయెవ్ మోసుకొచ్చిన నృత్య లిపి పుస్తకాలు చూసి విక్-వెల్స్ బృందం (తర్వాత శాడ్లర్స్ వెల్స్, ఇప్పుడు రాయల్ బ్యాలే) దాన్ని వేసింది. అమెరికాలో పూర్తి నిడివితో శాన్ ఫ్రాన్సిస్కో బృందం 1944 డిసెంబర్ 24న వేసింది. ఇక నృత్యకర్త జార్జ్ బాలంచీన్ న్యూయార్క్‌లో తన నట్‌క్రాకర్‌ని మొదలుపెట్టింది 1954 ఫిబ్రవరిలో. క్రిస్మస్ అయిపోయి నెల దాటాక! వేదిక మీద 12 అడుగుల చెట్టు చూస్తుండగానే 41 అడుగులకి పెరిగే ఆ ప్రదర్శనలో ఖర్చులో పెద్ద వాటా ఆ చెట్టుకే పోయింది.

అది న్యూయార్క్ జనాభాకి పరిమితమైన ముచ్చట. దేశమంతటికీ చేరింది 1958 క్రిస్మస్ రాత్రి. సీబీఎస్ ఛానెల్ దాన్ని ప్రసారం చేసింది, డ్రోసెల్‌మేయర్ అనే మాయల తాతగా బాలంచీనే స్వయంగా కనిపించాడు. అంతకు మూడేళ్ల ముందు, 1955 డిసెంబర్‌లో, ఎన్‌బీసీ స్టూడియోలో బ్రిటిష్ నర్తకి మార్గో ఫాంటేన్ పెటిపా బ్యాలే స్లీపింగ్ బ్యూటీ చేస్తే మూడు కోట్ల మంది దాకా చూశారని అప్పటి అంచనా. పెటిపా కాలం నుంచి అప్పటిదాకా ప్రపంచంలోని థియేటర్లన్నిట్లో ఆ బ్యాలే చూసినవాళ్లను పోగేసినా అంతమంది ఉంటారా అన్నది అనుమానమే. 1977లో నర్తకులు మిఖాయిల్ బరీష్నికోవ్, గెల్సీ కిర్క్‌లాండ్‌ల నట్‌క్రాకర్ మళ్లీ సీబీఎస్‌లో వచ్చింది, తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారు. ఇప్పుడు న్యూయార్క్ సిటీ బ్యాలేకి ఏడాది టికెట్ల రాబడిలో సగానికి దగ్గరగా ఈ ఒక్క నట్‌క్రాకర్ నుంచే వస్తుంది. ఊరూరా బ్యాలే స్కూళ్లు డిసెంబర్‌లో దీన్నే వేస్తాయి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఎలుక వేషం, మంచు పువ్వు వేషం వేసే పిల్లల్లో మన తెలుగు పిల్లలూ కనిపిస్తారు. తెర వెనక పిన్నీసులు పట్టుకుని నిలబడే తల్లుల్లో మనవాళ్లూ ఉంటారు.

బ్రిటన్ కథ ఇంకా ముందు మొదలైంది. బీబీసీ టెలివిజన్ 1936 నవంబర్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి ప్రసారాలు మొదలుపెట్టిన నెలలోనే విక్-వెల్స్ బ్యాలే తెర మీదికి వచ్చింది. యుద్ధం తర్వాత మార్గరెట్ డేల్ అనే ఆవిడ, తనే శాడ్లర్స్ వెల్స్ నర్తకిగా పనిచేసి వచ్చి, బీబీసీలో ప్రొడ్యూసర్ అయ్యింది. 1950, 60 దశకాల్లో ఆవిడ స్టూడియోలోకి బ్యాలేలను తెచ్చి కెమెరా కోసం మళ్లీ అమర్చింది. నర్తకి కాబట్టి ఎక్కడ కెమెరా కదలాలో, ఎక్కడ కదిలితే నాట్యం చచ్చిపోతుందో ఆవిడకి తెలుసు. నలుపు తెలుపుల్లో, ఇరుకు తెరలో, మూడు నాలుగు కెమెరాలతో తీసిన ఆ రికార్డింగుల్లో మిగిలినవి ఈ రోజు చూసినా నర్తకి ఎక్కడ నిలబడిందో, ఎటు వెళ్తోందో స్పష్టంగా అర్థమవుతుంది. ఇప్పుడు చేతిలో డజను హెచ్‌డీ కెమెరాలు పెట్టుకుని ఆపాటి స్పష్టత ఇవ్వలేకపోతున్నారు.

ఇది కొంచెం దగ్గరగా చూద్దాం. నట్‌క్రాకర్ రెండో అంకంలో షుగర్ ప్లమ్ ఫెయిరీ (మిఠాయి దేవకన్య) ఒంటరి నృత్యం అందరికీ తెలిసిందే, సెలెస్టా అనే వాయిద్యం మీద చిరుగంటల్లా వినిపించే ఆ ముక్క ఫోన్ రింగ్‌టోన్లలో కూడా ఉంది. రాయల్ బ్యాలే వేసే పద్ధతిలో అందులో గార్గుయాడ్ అని ఒక గెంతు వస్తుంది. నర్తకి పక్కకి ఎగిరి, గాల్లో ఉన్న ఆ రెప్పపాటులో ఒక కాలి పాదంతో చిన్న సున్నా చుట్టి, అది అయ్యీ అవకముందే రెండో పాదంతో ఇంకో సున్నా చుట్టి, చప్పుడు లేకుండా దిగాలి. దిగాక మొహంలో ఏమీ జరగనట్టే ఉండాలి. అదంతా మోకాలి కింద జరిగే పని. సరిగ్గా అక్కడ మన దర్శకుడు కిరీటం మీద మెరిసే రాళ్లనీ, నవ్వునీ దగ్గరగా చూపిస్తాడు. కూచిపూడి తరంగంలో పళ్లెం అంచు మీద నర్తకి నడుస్తుంటే పళ్లెం వదిలేసి ఆమె ముక్కుపుడక చూపిస్తే ఎలా ఉంటుంది? అదే ఇదీ.

స్లీపింగ్ బ్యూటీలో రోజ్ అడాజియో దగ్గర ఇంకో రకం అన్యాయం. రాకుమారి అరోరా ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి ఉంటుంది, నలుగురు రాకుమారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి అందించి వెళ్తారు. ఒకరి చెయ్యి వదిలి, ఇంకొకరి చెయ్యి అందుకునే లోపల ఆమెకి ఏ ఆధారమూ లేదు. అక్కడున్న ఉత్కంఠ అంతా కాలానిది. ఎంతసేపు నిలబడింది అన్నదే చూడాల్సిన విషయం. మధ్యలో కెమెరా మారిందంటే ఆ కాలం తెగిపోయింది. రాజుగారి మొహం ఒక క్షణం చూపించి మళ్లీ అరోరా దగ్గరికి వస్తే, ఆమె అప్పటిదాకా అలాగే నిలబడి ఉందని నమ్మకం ఏమిటి? థియేటర్‌లో జనం ఊపిరి బిగబట్టే చోట ఇంట్లో ప్రేక్షకుడు ఆవలిస్తే తప్పు బ్యాలేది కాదు. ఫ్రెడ్ అస్టైర్ హాలీవుడ్‌లో తన నాట్యాన్ని తల నుంచి కాలి దాకా, వీలైనంత వరకు ఒకే షాట్‌లో తీయాలని పట్టుబట్టింది ఇందుకే. ఆ ముచ్చట జరిగి తొంభై ఏళ్లవుతోంది.

ఆ మధ్య ఇండియా నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు క్రిస్మస్ మర్నాడు హాల్లో టీవీ ఆన్‌లో ఉంది. ఆవిడకి బ్యాలే అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న ఉత్సాహమూ లేదు, బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నారు. తెర మీద మొదటి అంకం చివర్న వచ్చే మంచు దృశ్యం. తెల్ల దుస్తుల్లో నర్తకులు వరసలుగా విడిపోయి, సుళ్లు తిరిగి, మళ్లీ నక్షత్రంలా కలిసే చోట, కనిపించని పిల్లల గొంతులు మాటల్లేని పాటలా లేస్తాయి. ఆవిడ ఒలవడం ఆపేశారు. “ఆ పాడే పిల్లలు ఎక్కడున్నారమ్మాయ్?” అన్నారు. పిట్ దగ్గర, అంటే వేదిక ముందు వాద్యకారులుండే గుంట దగ్గర, కూర్చుని పాడుతున్నారు అత్తయ్యా అన్నాను. కాసేపయ్యాక విసుగ్గా, “ఎంతసేపూ మొహాలు చూపిస్తాడేమిటి, ముగ్గు వేస్తున్నట్టు ఆడుతుంటే పైనుంచి చూపించొద్దూ?” అన్నారు. ఆ దృశ్యం గురించి అంతకన్నా పనికొచ్చే సాంకేతిక విమర్శ నేను చదవలేదు. అక్కడ నృత్యం ఉన్నది ఒక్కొక్క మనిషిలో కాదు, వాళ్ల మధ్య గీసుకుంటూ చెరిపేసుకుంటూ పోయే ఆకారాల్లో. కాస్త ఎత్తున, కాస్త దూరంగా కెమెరా పెట్టి వదిలేస్తే చాలు.

ఆవిడ లాంటి ప్రేక్షకుల కోసమే నేను ఇదంతా మాట్లాడుతున్నది. ఛానెళ్ల వాళ్లు మాత్రం అలాంటి ప్రేక్షకుణ్ని చూసి భయపడతారు. బోర్ కొడుతుందేమో, అర్థం కాదేమో అని ముందే జాగ్రత్తపడి, నాట్యానికి బదులు నాట్యం గురించిన కబుర్లు వడ్డిస్తారు. రిహార్సల్ గదిలో చెమట, పాదాలకి ప్లాస్టర్లు, మునివేళ్ల మీద నిలబడడానికి వేసుకునే పాయింట్ షూని తలుపు సందులో పెట్టి విరవడం, ఒక తల్లి కన్నీళ్లు. పదేళ్ల కిందట ఒక కాలమంతా క్రిస్మస్ దగ్గర పడితే డార్సీ బసెల్ కనిపించేది. ఆవిడ సంగతి తెలియనివాళ్లకి చెప్పాలంటే, రాయల్ బ్యాలేలో తన తరానికే పెద్ద పేరు, 2007లో వేదిక నుంచి తప్పుకున్నాక కొన్నేళ్లకి బీబీసీ డ్యాన్స్ పోటీ ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్’లో న్యాయనిర్ణేత అయింది. హాలీవుడ్ నాట్యాల మీద, బ్యాలే కథానాయికల మీద, కథానాయకుల మీద, మార్గో ఫాంటేన్ మీద వరసగా డాక్యుమెంటరీలు చేసింది. బాగానే చేసింది, నేను ఒక్కటీ వదల్లేదు. కానీ ఒక మాట. ఆవిడ చివరి ప్రదర్శనని, నృత్యకర్త కెనెత్ మాక్‌మిలన్ కూర్చిన ‘సాంగ్ ఆఫ్ ది ఎర్త్’ని, బీబీసీ టూ 2007 జూన్‌లో ప్రత్యక్షంగా చూపించింది. గంట పైగా సాగే, కథ లేని, మరణం గురించిన నాట్యం అది. పండగ కాదు, పబ్బం కాదు. జనం చూశారు. చూడరన్న భయం ఎక్కణ్నుంచి వచ్చిందో మరి.

పాత రికార్డింగులు తిరగేసి వేయడంలో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నట్‌క్రాకర్ రెండో అంకంలో వచ్చే చైనా నృత్యంలో చూపుడు వేళ్లు పైకెత్తి, తల ఊపుతూ గెంతడం దశాబ్దాల పాటు మామూలైపోయింది. న్యూయార్క్ సిటీ బ్యాలే 2017లో దాన్ని మార్చింది, స్కాటిష్ బ్యాలే 2021లో మార్చింది, బెర్లిన్ బృందమైతే అదే ఏడాది తన నట్‌క్రాకర్‌ని వేయడమే ఆపింది. వేదిక మీద ఏటా కొంచెం సవరించుకోవచ్చు. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి టేపుకి ఆ వీలు లేదు. కొత్తగా రికార్డు చేయడం మానేసి పాతదే వేస్తే, వేదిక మీద చెల్లిపోయిన వేషం ఇళ్లలో మాత్రం ఏటా బతికే ఉంటుంది. ఈ విషయంలో మనకి వేరే చురుకు కూడా తగులుతుంది. పెటిపా 1877లో చేసిన ‘లా బయాదేర్’లో రాజు మన గోల్కొండ రాజే, దుగ్మంత అని పేరు! తెలుగు నోట ఎన్నడూ పలకని ఆ పేరు, గుడి నర్తకి ప్రేమ, పాము ఉన్న పూలబుట్ట. ఆ బ్యాలేలో మూడో అంకంలో తెల్లని నీడల్లా నర్తకులు ఒకరి వెనక ఒకరు వాలు మీద నుంచి దిగే దృశ్యం చూస్తే నాకు కోపమంతా పోతుంది. మొదటి అంకంలోని ఫకీర్లని చూస్తే మళ్లీ వస్తుంది. దాన్ని దాచేయమనను, దాని గురించి నాలుగు మాటలు చెప్పి పూర్తిగా వేయమంటాను.

పండగ రోజుల్లో బ్యాలేని అత్యధికులు చూసేది నట్‌క్రాకర్‌లో కూడా కాదేమో, జనవరి ఒకటిన వియెన్నా నుంచి వచ్చే నూతన సంవత్సర సంగీత కచేరీలోనేమో. తొంభైకి పైగా దేశాల్లో ప్రసారమవుతుంది. మధ్యలో ఒకటి రెండు ముక్కలకి వియెన్నా స్టేట్ బ్యాలే నర్తకులు ఏదో రాజభవనం మెట్ల మీద, తోటల్లో ఆడుతూ కనిపిస్తారు. ఆ నాట్యం ముందే, ఎండాకాలంలోనే తీసి పెట్టుకున్నది. అందంగా ఉంటుంది. గోడలూ, షాండిలియర్లూ నర్తకుల కన్నా ఎక్కువ సేపు కనిపిస్తాయి. అంతకు మించి చెప్పడానికేం లేదు.

టీవీలో బ్యాలే అంటే పండగే అనుకునే అలవాటు పశ్చిమాన మాత్రమే. మాస్కోలో మామూలు కార్యక్రమాలు ఆగిపోయి స్వాన్ లేక్ వచ్చిందంటే జనం గుండెలు పట్టుకునేవాళ్లు. బ్రెజ్నేవ్ పోయినప్పుడు వేశారు, 1991 ఆగస్టులో గోర్బచెవ్ మీద కుట్ర జరిగిన రోజున వేశారు. బ్యాలేకి ఉన్న బరువు ఏమిటో ఆ ప్రేక్షకులకి ఎవరూ డాక్యుమెంటరీ తీసి చెప్పక్కర్లేదు.

మన దగ్గరా తేడా ఏమీ లేదు. సంక్రాంతికి తెలుగు ఛానెళ్లు తిప్పండి. యాంకర్లు, స్కిట్లు, కొత్త సినిమా హీరో హీరోయిన్లు, సినిమా పాటకి గ్రూప్ డ్యాన్సులు. కూచిపూడి కావాలంటే దూరదర్శన్ దాకా వెళ్లాలి. అక్కడా తరచూ నర్తకి అడుగు వేసేటప్పుడు కెమెరా కళ్ల కాటుక దగ్గరుంటుంది. రెండు సంప్రదాయాలకీ ఒకటే రోగం.

డబ్బు లేదన్నది ఛానెళ్ల మాట. అందులో నిజముంది. బ్యాలే రికార్డింగ్ అంటే నర్తకులకే కాదు, ఆర్కెస్ట్రాకి, నృత్యం కూర్చినవాళ్ల వారసులకి, సెట్టూ దుస్తులూ రూపొందించినవాళ్లకి కూడా హక్కుల సొమ్ము కట్టాలి. బృందాలు కూడా తమ రికార్డింగుని ముందు సినిమా హాళ్లకి, తర్వాత సొంత స్ట్రీమింగ్‌కి ఇచ్చుకుని, మిగిలితే టీవీకి ఇస్తాయి. బీబీసీ ఫోర్‌ని ఇక ప్రధానంగా పాత కార్యక్రమాలు వేసే ఛానెల్‌గా నడుపుతామని 2021లో బీబీసీ ప్రకటించాక కళల కోసం ఉన్న ఒక కిటికీ సగం మూసుకుంది. స్కై ఆర్ట్స్ 2020లో ఉచిత ఛానెల్‌గా మారడం మంచి పరిణామమే కానీ, బీబీసీ వన్‌లో తగిలినట్టు అక్కడ దారిన పోయేవాడికి తగలదు.

అయితే మూడు గంటల బ్యాలేకి సొమ్ము లేకపోతే అరగంటవి లేవా? ఫ్రెడరిక్ ఆష్టన్ 1937లో చేసిన ‘లె పాటినర్’ చూడండి. మంచు గడ్డ కట్టిన చెరువు మీద స్కేటింగ్ విందు, రంగు లాంతర్లు, మేయర్‌బేర్ సంగీతం, పాతిక నిమిషాల పైచిలుకు. కథ లేదు, పాత్రల పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జారిపడేవాళ్లు పడతారు, ప్రేమించుకునేవాళ్లు ప్రేమించుకుంటారు. ఆఖర్న నీలం దుస్తుల కుర్రాడు మంచు కురుస్తుండగా ఒక్కడే తిరుగుతుంటాడు, తెర పడుతుంది, మళ్లీ లేస్తుంది, అప్పటికీ తిరుగుతూనే ఉంటాడు. క్రిస్మస్ రోజు మూడింటికి రాజుగారి ప్రసంగం చూడ్డానికి దేశంలో చాలామంది టీవీ పెడతారు. దానికి ముందు ఈ పాతిక నిమిషాలు బీబీసీ వన్‌లో వేస్తే ఎవరి కొంప మునుగుతుంది? మర్నాడు మాక్‌మిలన్ ‘వింటర్ డ్రీమ్స్’. చెహోవ్ నాటకం ‘ముగ్గురు అక్కచెల్లెళ్లు’ కథ, చైకోవ్‌స్కీ సంగీతం, గంటలోపు అయిపోతుంది, పెద్దవాళ్ల కథ. మార్క్ మోరిస్ 1991లో బ్రస్సెల్స్‌లో చేసిన ‘ది హార్డ్ నట్’ ఇంకో రాత్రి వేయొచ్చు. నట్‌క్రాకర్ సంగీతమే, 1970ల నాటి ఇంట్లో తాగి తందనాలాడే పార్టీ, మంచు దృశ్యంలో ఆడా మగా అందరికీ ఒకటే పొట్టి గౌను. ఏటా అదే నట్‌క్రాకర్ చూసి మొహం మొత్తినవాళ్లకి మంచి విరుగుడు.

బీబీసీ నడవడానికి ఆధారమైన రాయల్ చార్టర్ అనే అధికార పత్రం గడువు 2027 డిసెంబర్ 31తో ముగుస్తుంది. దానికి ముందు కళల కార్యక్రమాలు ఎన్ని గంటలుండాలన్న వాదన ఎలాగూ వస్తుంది. గంటలు అడిగితే సరిపోదు, ఎందుకంటే డాక్యుమెంటరీ కూడా ఆ గంటల్లోకే లెక్క వస్తుంది. అడగాల్సింది ఇంకా సూటిగా ఉండాలి. ఏడాదికి ఇన్ని నాట్యాలు పూర్తి నిడివితో, మధ్యలో వ్యాఖ్యానం లేకుండా, జనం మేలుకుని ఉండే వేళలో, ప్రధాన ఛానెల్లో రావాలి. అందులో కనీసం ఒకటి కొత్తగా రికార్డు చేసినదై ఉండాలి. తీసే దర్శకుడి పక్కన ఆ బ్యాలే ఆడి ఎరిగిన మనిషి ఒకరు కూర్చోవాలి, గార్గుయాడ్ రాబోతోందని చెప్పడానికి.